నిట్టూర్పుని ఎవరు విడుదల చేస్తారు?

తమ్ముడూ,

కథ చదివాను, బాగుంది. కానీ మూడో పేజీలో నీ సూర్యం "దీర్ఘమైన నిట్టూర్పును విడుదల చేశాడు" అన్నచోట ఆగిపోయాను. నిట్టూర్పు విడుస్తాం కదా మనం! విడుదల చేసేది జైలువాళ్ళు, నిధులిచ్చే ప్రభుత్వం, సినిమా తీసినవాళ్ళు. నువ్వు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో అనుకుని, రిలీజ్‌కి డిక్షనరీలో మొదట కనబడ్డ మాట తెచ్చి పెట్టావని నా అనుమానం, తప్పైతే తిట్టు. నేనూ నీ వయసులో పంజరంలో చిలకని విడుదల చేయించాను, మా అమ్మ చదివి "బెయిలొచ్చిందా దానికి?" అంది.

ఆ రిలీజ్ సంగతి తమాషాగా ఉంటుంది. లాటిన్‌లో లాక్సుస్ అంటే వదులుగా ఉన్నది, రెలాక్సారే అంటే మళ్ళీ వదులు చెయ్యడం. అది పాత ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకి చేరి రిలీజ్ అయింది. తర్వాత అదే లాటిన్ మాటని పెద్దగా నలక్కుండా ఇంకోసారి తెచ్చుకున్నారు, అది రిలాక్స్. అంటే జైల్లోంచి రిలీజవడం, ఆదివారం మధ్యాహ్నం రిలాక్సవడం ఒకతల్లి పిల్లలే. పొలం లీజుకిచ్చే లీజూ, కుక్క మెడకి తగిలించే లీషూ కూడా ఆ ఇంటివే. కట్టే తాడుకి వదలడం మీంచి పేరొచ్చిందేమిటా అనుకుంటాం గానీ, వేటకుక్కని అదను చూసి వదిలేదీ ఆ తాడే. నంజుకునే రెలిష్ కూడా అక్కడిదే, మొదట్లో తిన్నాక నోట్లో మిగిలే రుచిని అలా అనేవాళ్ళు.

ఇక మన దగ్గర చూడు. చొక్కా వదులు, చెయ్యి వదులు! బిగువు లేనిదానికీ, పట్టు తీసెయ్యడానికీ మనకీ ఒకటే మాట, లాటిన్‌వాళ్ళని అడక్కుండానే. జ్వరం వదుల్తుంది, దయ్యం వదుల్తుంది, తుప్పు వదుల్తుంది, ఆశకి నీళ్ళొదులుకుంటాం. చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాం, ప్రాణం ఎక్కడైనా విడుస్తాం. సాగర్ నుంచి "నీటి విడుదల" అని పేపర్‌వాడు రాస్తే రాయనీ, నీ కథలో రైతు మాత్రం "కాలవకి నీళ్ళొదిలారంట" అనే అంటాడు. ఐదో పేజీలో అతనిచేత కూడా పేపర్ భాష మాట్లాడించావు, అదీ మార్చు.

చివర్లో బస్టాండులో తల్లి కొడుకు చెయ్యి వదిలేసే వాక్యం ఉంది చూడు, దాని జోలికి మాత్రం పోకు. మిగతావి దిద్ది పండక్కి ముందే పంపు.

మీ అన్నయ్య