రెండు నెలల సెలవుకి సరిపోయే గ్రాంటు

పర్లాకిమిడి కాలేజీలో రెండు నెలలకు మించి సెలవివ్వరు, సవర గిరిజనుల భాష మీద పరిశోధనకి విదేశం ఎలా వెళ్లాలని అడిగారు కదండీ. అమెరికా వెళ్లడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ అకడమిక్ ఫెలోషిప్ కనీసం 4 నెలలు, అది కుదరదు. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ వాళ్లు అధ్యాపకులకిచ్చే పరిశోధన గ్రాంటు 1 నుంచి 3 నెలలే. పీహెచ్‌డీ ఉందన్నారుగా, దానికే పెట్టండి. ముందు అక్కడి ప్రొఫెసర్ నుంచి ఆహ్వాన పత్రం సంపాదించాలి. "మీ దగ్గర పనిచేయాలనుంది" అని ఊరికే రాస్తే జవాబు రాదు. గుణుపురం నుంచి నేను అలాగే రాసి నెలంతా టెన్షన్ పడ్డాను. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నది మీ ఊళ్లోనే కదా! గుమ్మ కొండల్లో మీరు రికార్డు చేసిన పాట ఒకటి, పదం పదానికీ అర్థం రాసి ప్రొఫెసర్‌కి రాసే ఉత్తరానికి జతచేయండి. సెలవు అర్జీ మాత్రం ఇవాళే ప్రిన్సిపాల్ గారికి ఇచ్చేయండి.