కళ్ల మంటకు సప్లిమెంట్లు పనిచేస్తాయా?

ప్రశ్న: నా వయసు 24. రోజుకు తొమ్మిది పది గంటలు కంప్యూటర్ ముందే ఉంటాను. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతున్నాయి, అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయి, నుదురు లాగేస్తోంది. ఆఫీసులో నా ఈడువాళ్లు చాలామంది లూటిన్, ఒమేగా-3 మాత్రలు వేసుకుంటున్నారు. నేనూ మొదలుపెడదామనుకుంటున్నాను. ఏవి మంచివి?
– ఒక పాఠకురాలు

జవాబు: మాత్రలు కొనేముందు కంటి పరీక్ష చేయించుకోండి. మీరు చెప్పినవి డిజిటల్ ఐ స్ట్రెయిన్ (ఎక్కువసేపు స్క్రీన్ చూడటంతో కలిగే కంటి అలసట) లక్షణాలు. ఇవి సాధారణంగా పోషకాల లోపంతో వచ్చేవి కావు.

మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూతపడదు. పైరెప్ప సగం దిగి వెనక్కి వెళ్లిపోతుంది. దాంతో నల్లగుడ్డు కింది భాగంలో కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. రెండుసార్లు గట్టిగా రెప్పలార్పితే అక్షరాలు తేటపడుతున్నాయా? అయితే ఆ మసకకు కారణం చాలావరకు పొడిబారడమే.

నుదురు లాగడం వేరే సంగతి. గంటల తరబడి దగ్గరి వస్తువు మీదే చూపు నిలపడంతో కంటి లోపలి కండరం అలసిపోతుంది. కొద్దిపాటి సిలిండర్ పవరో, ప్లస్ పవరో ఉండి అద్దాలు లేకపోతే ఆ శ్రమ మరింత పెరుగుతుంది. మీ వయసులో కంటికి సర్దుకునే శక్తి ఎక్కువ కాబట్టి ప్లస్ పవర్ తేలిగ్గా బయటపడదు. ఒక్కోసారి చుక్కలు వేసి చూడాల్సి వస్తుంది. దీన్ని ఏ మాత్రతోనూ సరిచేయలేం.

లూటిన్, దానిలాంటిదే అయిన మరో పోషకం జియాజాంథిన్‌లకు ఇంత పేరు రావడానికి ముఖ్య కారణం 2013లో ఫలితాలు వెలువడిన ఏఆర్ఈడీఎస్-2 అధ్యయనం. అందులో పాల్గొన్నది 50 దాటినవాళ్లు, వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నవాళ్లు. ఆ ఫలితాన్ని 24 ఏళ్ల కంటి అలసటకు అన్వయించలేం. ఒమేగా-3తో కంప్యూటర్ వాడేవారిలో పొడిబారే లక్షణాలు కొంత తగ్గాయని చిన్న అధ్యయనాలు చెప్పాయి. అయితే కళ్లు పొడిబారే సమస్య ఉన్న 535 మందితో ఏడాదిపాటు సాగిన డ్రీమ్ అధ్యయనంలో (2018) రోజుకు 3 గ్రాములు తీసుకున్నా, ఆలివ్ నూనె క్యాప్సూల్స్ వేసుకున్నవారికన్నా అదనపు మేలు కనిపించలేదు. నా సలహా అడిగితే, మీకు ఇప్పుడు రెండూ అక్కర్లేదు.

ఇంకో మాట. కళ్లకోసమని అమ్మే కొన్ని మాత్రల్లో విటమిన్-ఎ ఉంటుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ (ఇదీ విటమిన్-ఎ తరహా మందే) వాడుతున్నా, గర్భం దాల్చే ఆలోచన ఉన్నా వాటి జోలికి వెళ్లకండి.

ముందుగా రెప్పవేయడం సాధన చేయండి. చూపుడువేళ్లను కళ్ల బయటి మూలల దగ్గర ఆనించి, మెల్లగా కళ్లు మూసి, రెండు క్షణాలు ఆగి తెరవండి. వేళ్ల కింద చర్మం ముడుచుకుంటుంటే మీరు బిగించి మూస్తున్నట్టు. కదలిక తెలియకూడదు. గంటకోసారి పదిసార్లు చేయండి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. స్క్రీన్ కంటి మట్టానికి కాస్త దిగువన ఉండాలి, ఏసీ గాలి ముఖానికి తగలకూడదు. అవసరమైతే ప్రిజర్వేటివ్ లేని లూబ్రికెంట్ చుక్కలు వాడొచ్చు. ఎరుపు తగ్గించే చుక్కలు, స్టిరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు.

ఒక కంట్లోనే నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, చూపు హఠాత్తుగా తగ్గడం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా అదే రోజు కంటి డాక్టర్‌ను కలవండి.