ఏ చెట్టు కల్లు అని అడిగినట్టే ఏ తోట వైన్ అని అడుగు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "పెద్దబాపూ, నేను చూసుకునే ముసలాయనకు వైన్ అంటే ప్రాణం. ప్రతి శుక్రవారం సాయంత్రం సీసా ముందు పెట్టుకుని దాని ఊరు, తోట, ఏడాది చెప్తుంటాడు. నాకూ నేర్చుకోవాలని ఉంది" అని. అది ఫోన్‌లో తేలే విషయం కాదు. నేనూ ఇజ్రాయెల్‌లో పద్నాలుగేళ్లు ఇదే కేర్‌గివర్ పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

వెళ్లిన కొత్తలో నాకు ఒకటి జరిగింది. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర సాయం చేద్దామని మూత తీసిన సీసా అందుకుని అందరి గ్లాసుల్లో పోశాను. బల్ల చుట్టూ ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. పెద్దావిడ నవ్వుతూనే ఆ గ్లాసులన్నీ తీసి పక్కన పెట్టి, ఇంకో సీసా తెచ్చింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంటు అనుకున్నాను. ఆ మాటలో ఎంత బాధ ఉందో మన ఊళ్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా?

మర్నాడు నేను చూసుకునే ముసలాయనే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్లకు వైన్ ప్రార్థనలో వాడే వస్తువు. వేరే దేవుళ్లకు అర్పించిన వైన్ తాగకూడదన్న పాత నిషేధం నుంచి ఈ కట్టుబాటు వచ్చింది. ద్రాక్ష నలిపిన దగ్గర్నుంచి సీసాకు బిరడా బిగించేదాకా షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా పనులు మానే విశ్రాంతి దినం) పాటించే యూదులే దాన్ని ముట్టాలి. షబ్బాత్ పాటించనివాడైతే యూదుడికైనా అదే నియమం. తన వైన్ పీపా కుళాయి తాను తిప్పడానికి వీల్లేక, పక్కన నిలబడి రుచి చూసి, చేయాల్సింది చెప్పే వైన్ నిపుణులు అక్కడ చాలామందే ఉన్నారు. అది విన్నాక నా మనసు కొంత తేలికపడింది. పూర్తిగా సర్దుకోవడానికి మాత్రం ఏడాది పట్టింది. నీకూ పట్టవచ్చు.

అందుకే ముందు 'మెవుషాల్' అన్న మాట నేర్చుకో. వైన్‌ను దాదాపు 85 డిగ్రీల వేడికి క్షణాల్లో తీసుకెళ్లి వెంటనే చల్లార్చితే అది మెవుషాల్. దాన్ని ఎవరు పోసినా ఇబ్బంది లేదు. సీసా వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది, చూసుకో. ఆ మాట లేకపోతే మూత తీశాక చెయ్యి పెట్టకు. తెరిచి ఇమ్మని ఆయన అడిగినా, "ఇది మెవుషాలేనా?" అని ఒకసారి అడుగు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ ఇంట్లో నీ మీద గౌరవం పెరుగుతుంది.

ఇలా యూదుల మత నియమాల ప్రకారం చేసినదాన్ని 'కోషర్' అంటారు. కోషర్ వైన్ అంటే పాకంలా తియ్యగా ఉంటుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికాలో కాంకర్డ్ ద్రాక్షతో చేసే తీపి వైన్ వల్ల ఆ పేరు వచ్చింది. కోషర్ అన్నది రుచి కాదు, తయారు చేసే పద్ధతి. తోటలోనే మొదలవుతుంది అది. తీగ నాటాక మొదటి మూడేళ్ల కాయ వాడరు. తయారైన వైన్‌లో నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ వంతు పారబోస్తారు, పూర్వం దేవాలయానికి ఇచ్చే భాగానికి గుర్తుగా. ఏడో ఏడు భూమికి సెలవు, దాన్ని 'ష్మితా' అంటారు. కిందటిది 2021 సెప్టెంబరులో మొదలై 2022 సెప్టెంబరు దాకా సాగింది. ద్రాక్షకు లెక్క ఆ ఏడాది పూసి కాసిన కాయను బట్టి కాబట్టి, లేబుల్ మీద 2022 అని ఉన్న సీసాలతోనే పేచీ. కొన్ని ఇళ్లలో అవి తాగరు. తాగే ఇళ్లలో ఒక్క చుక్క కూడా వృథాగా పారబోయరు. గ్లాసులు కడిగేది నువ్వే కదా, అడుగున మిగిలింది సింకులో ఒంపే ముందు అడుగు.

ఇక వైనరీలు. మన దగ్గర కల్లు తాగేవాళ్లు ఏ చెట్టుదని అడుగుతారు కదా, అక్కడ ఏ కొండదని అడగాలి. చరిత్ర కావాలంటే రిషోన్ లెజియోన్‌లో మొదలుపెట్టు. ఫ్రాన్స్‌లో షాతో లఫీత్ తోటల కుటుంబానికి చెందిన బారన్ ఎడ్మండ్ రోత్‌షీల్డ్ 1882 తర్వాత డబ్బు పెట్టి అక్కడ ద్రాక్ష నాటించాడు. కార్మెల్ వైనరీ అలా పుట్టిందే. ఉత్తరాన గోలాన్‌లో నల్లరాతి నేల, చలికాలంలో మంచు పడే ఎత్తు. కత్స్రిన్‌లోని గోలాన్ హైట్స్ వైనరీ 1983లో మొదలైంది, యార్డెన్ అన్న పేరుతో వచ్చే వైన్ వాళ్లదే. ఆ దేశపు వైన్‌ను లోకం పట్టించుకునేలా చేసింది ఆ వైనరీయే అని నా అభిప్రాయం. ఆ నేల 1967 యుద్ధంలో సిరియా నుంచి తీసుకున్నదని, ఎక్కువ దేశాలు దాన్ని ఇజ్రాయెల్‌దిగా ఒప్పుకోవని కూడా తెలుసుకునే వెళ్లు.

నాకు అన్నిటికన్నా ఇష్టం జెరూసలేం చుట్టుపక్కల యూదయ కొండలు. సున్నపురాయి నేల, పగలు ఎండ, రాత్రి చలి. జెరూసలేంలో రెస్టారెంటు నడుపుకునే ఎలీ బెన్ జాకెన్ రమత్ రజియేల్‌లో తన ఇంటి పక్కన తీగలు నాటి, 1992లో 600 సీసాలు చేశాడు. దొమైన్ దు కాస్టెల్ వైనరీ ప్రారంభం అదే. మొదట్లో కోషర్ కాదు, తర్వాత అయింది. రెకనాటి వైనరీ వాళ్ల మరావీ అనే వైన్ కూడా తప్పక రుచి చూడు. పాలస్తీనా రైతులు తరతరాలుగా తినడానికి పండిస్తున్న హమ్దానీ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ అది. అదే ద్రాక్షతో బెత్లెహేం దగ్గర క్రెమిసాన్ మఠంలో క్రైస్తవ సన్యాసులు కూడా వైన్ చేస్తారు, అది కోషర్ కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగిన సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. నిమ్మతొక్క వాసన, చివర్లో కొంచెం ఉప్పదనం. ఆ రుచి ఫ్రెంచి ద్రాక్షలో నాకు ఎప్పుడూ దొరకలేదు.

సెలవు సంగతి చూసుకో. మనకు దొరికేది ఎక్కువగా శనివారం. ఆ రోజు కోషర్ వైనరీలు మూసే ఉంటాయి, బస్సులూ చాలా ఊళ్లలో తిరగవు. శుక్రవారం పొద్దున సెలవు అడుక్కో, మధ్యాహ్నానికల్లా తిరుగు బస్సెక్కెయ్. వైనరీలో పీపాలు, పైపులు, కుళాయిలు చూడు, ముట్టకు. డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు. శుక్రవారం ఆయన బలవంతం చేస్తే 'తిరోష్' అడుగు. అది ద్రాక్షరసం. కిద్దూష్ ప్రార్థనకు వాళ్లకూ అది చెల్లుతుంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

మొదటి వైనరీకి ముసలాయననే తీసుకెళ్లు. ఆ తోటల పేర్లు ఆయన నోట వింటూ తిరగడం వేరు. చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో, మందుల డబ్బా మరవకు.

మీ పెద్దబాపు