ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు, ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మీరు బెంగళూరు వచ్చాక ప్రార్థనలో రెండు నిమిషాలకే మాటలు అయిపోతున్నాయన్నారు. ఆధ్యాత్మిక మార్గదర్శి అంటే ఎవరు, ప్రొటెస్టెంట్లు వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చండి. నేను వెళ్లాను.

మాది గుంటూరు, లూథరన్ కుటుంబం, అంటే మేమూ ప్రొటెస్టెంట్లమే. నాన్న చనిపోయిన ఏడాది నాకూ ఇలాగే అయింది. ఆదివారం గుడిలో పాటలు పాడేదాన్ని, ఇంటికొచ్చి మోకరిస్తే నోరు పెగిలేది కాదు. ఆఫీసులో ఒక కేథలిక్ స్నేహితురాలు నన్ను ఒక సిస్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు మీద కొవ్వొత్తి. నేను ప్రార్థన అంశాలు కాగితం మీద రాసుకెళ్లాను. అమ్మ బీపీ, తమ్ముడి ఉద్యోగం, ఇంటి లోను. నాన్న పోయారని మాటల్లో ముందే చెప్పాను. ఆవిడ కాగితమంతా విని, "ఇందులో మీ నాన్నగారు లేరేంటమ్మా?" అన్నారు. ఇక ఏడుపు ఆగలేదు. ఆవిడది కేరళ, తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో తడుముకుంటుంటే, "నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, దేవుడితో మీ భాషలోనే మాట్లాడండి" అన్నారు. ఆ రోజు దేవుణ్ణి ఏమీ అడగలేదు. నా కోపమంతా ఆయన ముందు పెట్టాను, తెలుగులో.

ఆ తర్వాత నెలకోసారి, గంటసేపు వెళ్లేదాన్ని. ఇది పాపసంకీర్తనం, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం కాదు, కౌన్సెలింగూ కాదు. మన ప్రార్థనలో ఏం జరుగుతోందో మనమే గమనించుకునేలా పక్కన కూర్చుని వింటారు, అంతే.

ఈ పద్ధతికి ఇగ్నేషియస్ లొయోలా పెద్ద ఆధారం. జెస్యూట్లు అనే కేథలిక్ సన్యాసుల సభను తర్వాత స్థాపించింది ఈయనే. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. ఏ ఆలోచన తర్వాత మనసు నిండుగా ఉంటోంది, దేని తర్వాత పొడిబారుతోంది అని అక్కడే గమనించడం మొదలుపెట్టాడు. ఆయన రాసిన 'ఆధ్యాత్మిక సాధనలు' అనే పుస్తకాన్ని 1548లో పోపు ఆమోదించారు. ఆ సాధనలు పూర్తిగా చేస్తే దాదాపు 30 రోజులు, ఉద్యోగస్తులు ఇంటి దగ్గరే నెలల తరబడి కూడా చేయొచ్చు. అంతవరకూ ఎందుకు, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. పొద్దుటి నుంచి జరిగినవి వరసగా తలుచుకోండి. దేనికి కృతజ్ఞత కలిగింది, ఎక్కడ దేవుడి నుంచి దూరం జరిగాను అని చూసుకుని, రేపటికి సాయం అడగండి. నాకు మాటలు తిరిగొచ్చింది దీంతోనే.

సెయింట్ మార్క్స్ రోడ్డులో జెస్యూట్లు నడిపే ఆశీర్వాద్ అనే కేంద్రంలో వాకబు చేయండి. ఒక్క జాగ్రత్త. "దేవుడు నీకిలా చెప్పమన్నాడు" అంటూ మీ పెళ్లి గురించో డబ్బు గురించో తీర్పు చెప్పేవాళ్ల దగ్గర మాత్రం కూర్చోకండి. అలాంటి ఒకాయన మాట నమ్మి నేను ఏడాది పోగొట్టుకున్నాను. మంచి మార్గదర్శి మీకూ దేవుడికీ మధ్యలోకి రారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏమీ రాసుకెళ్లకండి. మాటలు రావడం లేదన్న సంగతే చెప్పండి, అక్కణ్ణుంచి మొదలవుతుంది.