ఉబ్బు చిన్నదే, లోపలి రక్తప్రవాహం మాటేమిటి?

ప్రశ్న: తలనొప్పి కోసం ఎమ్మారై తీయిస్తే, మా అమ్మగారికి మెదడు రక్తనాళంలో 4 మిల్లీమీటర్ల ఎన్యూరిజం (నాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం) బయటపడింది. ఆమెకు 58 ఏళ్లు, బీపీ ఉంది. ఆపరేషన్ తొందరేమీ లేదని, కనిపెట్టి చూద్దామని డాక్టరుగారు అన్నారు. ఆ ఉబ్బులో రక్తం ఎలా తిరుగుతోందో చూపే స్కాన్ చేయిస్తే, అది పగులుతుందో లేదో తెలుస్తుందా?

జవాబు: అలాంటి స్కాన్ ఉన్న మాట నిజమే గానీ, మీరడిగిన ప్రశ్నకు అదొక్కటే తీర్పు చెప్పలేదు. ఫోర్-డీ ఫ్లో ఎమ్మారై అనే ఈ పద్ధతిలో అనేక గుండె స్పందనల కొలతలను ఒకే స్పందనగా కూర్చి, ఆ వ్యవధిలో రక్తం ఏ దిశకు, ఎంత వేగంతో కదులుతోందో లెక్కిస్తారు. పెద్ద ఉబ్బులలో సుడులు చక్కగానే కనబడతాయి. చిన్నవాటితోనే చిక్కు. 3 టెస్లా (అయస్కాంత శక్తి కొలమానం) యంత్రంలో చిత్రంలోని ఒక్కో గడి ఇంచుమించు 1 మిల్లీమీటరు ఉంటుంది గనుక, మీ అమ్మగారి ఉబ్బుకు అడ్డంగా నాలుగైదు గడులే పడతాయి. అందులోనూ గోడను ఆనుకున్న గడిలో కొంత రక్తం, కొంత గోడ కలిసిపోవడంతో, రక్తం గోడను రాసుకుపోయే ఒరిపిడిని కొలవవలసిన చోటే కొలత మసకబారి, ఒరిపిడి అసలుకన్నా తక్కువగా కనబడుతుంది. 7 టెస్లా యంత్రాలు ఇంతకన్నా సూక్ష్మంగా చూడగలవు. యాంజియోగ్రామ్‌లోని (రక్తనాళాల చిత్రంలోని) ఆకారాన్ని బట్టి కంప్యూటర్‌లో ప్రవాహాన్ని లెక్కగట్టే పద్ధతీ ఉంది. అయితే గోడ కదలదనీ, రక్తం ఫలానా వేగంతో లోపలికి వస్తోందనీ అందులో తరచుగా ముందే అనుకోవలసి వస్తుంది.

కొలత సరిగ్గా వచ్చినా దాని అర్థం ఇంకా తేలలేదు. ఒరిపిడి మరీ ఎక్కువైతే గోడ దెబ్బతింటుందని కొందరు, మరీ తక్కువై రక్తం మందగిస్తే గోడ లోపల వాపు మొదలై బలహీనపడుతుందని మరికొందరు అంటారు, రెంటికీ ఆధారాలున్నాయి. కాబట్టి రంగురంగుల బొమ్మల రిపోర్టు చూసి ధైర్యపడడమూ, బెంబేలెత్తడమూ రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం.

డాక్టర్లు నేటికీ ఉబ్బు పరిమాణం, అది ఏ నాళంపై ఉంది, వయసు, బీపీ, లోగడ రక్తస్రావం జరిగిందా అన్నవాటినే ప్రధానంగా చూస్తారు. 7 మిల్లీమీటర్లలోపు వాటికి ముప్పు తక్కువే అయినా, నాళం ఉన్న చోటును బట్టి, ఉబ్బు మీద మరో చిన్న బుడిపె ఉండడాన్ని బట్టి అది మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తర్వాతి స్కాన్‌లో అది పెరిగిందా అన్నది. అందుకే ఆ స్కాన్‌ను వీలైనంతవరకు మొదటి పద్ధతిలోనే తీయించి, రెండు చిత్రాలనూ పక్కపక్కన పోల్చమని అడగండి. బీపీ అదుపులో ఉంచాలి, పొగ అలవాటుంటే మానాలి. ఈలోగా ఎప్పుడూ లేనంత భరించలేని తలనొప్పి హఠాత్తుగా వస్తే, ఏ స్కాన్ గడువు కోసమూ ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.