తిన్నాక మత్తుగా తూలే యార్కీ (యార్క్‌షైర్ టెరియర్) కుక్కపిల్ల: సమాధానం

తిండి తిన్న కాసేపటికే మీ కుక్కపిల్ల తూలుతూ, గోడకి తల నొక్కిపెట్టి నిలబడుతోందని చెన్నై నుంచి అడిగారు. అలాగైతే నాకు మూర్ఛ కన్నా ముందు లివర్ షంట్ అనుమానం. పేగుల రక్తం లివర్‌కి వెళ్ళకుండా పక్కదారి పడుతుంది, లివర్ వడకట్టాల్సిన అమ్మోనియా మెదడుకెక్కుతుంది. యార్కీల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది.

ఎల్ఎఫ్‌టీ (మామూలు లివర్ రక్తపరీక్ష) నార్మల్ అని ఊరుకోకండి. షంట్ ఉన్నా అలా రావచ్చు.

1. బైల్ యాసిడ్స్ టెస్ట్ (రక్తంలో పిత్త ఆమ్లాలు ఎంత ఉన్నాయో చూసేది) చేయించండి. రక్తం రెండుసార్లు తీయాలి: పరగడుపున ఒకసారి, తినిపించిన 2 గంటలకు మరోసారి. చాలామంది ఆ రెండోది వదిలేస్తారు, తేడా బయటపడేదే అందులో! చిన్న పిల్ల కదా, ఎంతసేపు పస్తుంచాలో డాక్టర్‌నే అడగండి, షుగర్ పడిపోతుంది.

2. ఎక్కువగా వస్తే డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) లేదా సీటీ యాంజియో (రక్తనాళాల సీటీ స్కాన్) తీయించాలి. చెన్నైలోనే ఉన్నారు కాబట్టి వేపేరి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో కనుక్కోండి.

3. లాక్టులోజ్ (అమ్మోనియా తగ్గించే మందు), తిండి మార్పు డాక్టర్ చెప్పినట్టే. ఫిట్స్ వస్తే మాత్రం ఆగకుండా తీసుకెళ్ళండి.