ఇమ్మార్టల్ టెక్నిక్ 'రివల్యూషనరీ వాల్యూమ్ 2' ఆల్బమ్ నిజంగా అంత గొప్పదా? విన్నవాళ్లు ఏమంటారు?

ఈ ఆల్బమ్‌ని కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు "ఇది పాట కాదు, ఉపన్యాసం" అని తీసిపారేస్తారు, ఇందులో ఎవరి మాట నమ్మాలి, రాప్ పెద్దగా అలవాటు లేనివాళ్లు వినొచ్చా అని అడిగారు. న్యూజెర్సీలో ఎమ్మెస్ చదివే రోజుల నుంచి నేను దీన్ని వింటూనే ఉన్నాను, రూమ్మేట్లతో, పనిచేసే చోట తోటివాళ్లతో, ఇప్పుడు ఇంట్లో మా ఆవిడతో కూడా దీని మీద వాదించాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇందులో అతను తన సొంత గొంతుతో తీర్పులు చెప్పే పాటల కన్నా, వేరే మనిషిగా మారి మాట్లాడిన పాటలు చాలా గొప్పవి. అభిమానులు ఎక్కువగా మెచ్చుకునేది మాత్రం ఆ తీర్పుల పాటల్నే, నాకు వాళ్లతో పేచీ అక్కడే.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఇమ్మార్టల్ టెక్నిక్ అనేది ఈ రాపర్ పెట్టుకున్న పేరు, అసలు పేరు ఫెలిపే కొరోనెల్, 1978లో పెరూ రాజధాని లిమాలో పుట్టాడు, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేటగా పేరున్న హార్లెమ్‌లో పెరిగాడు. కుర్రతనంలో కొట్లాటల కేసుల్లో జైలుకెళ్లి 1999లో పెరోల్ మీద బయటికొచ్చాడు. తర్వాత ర్యాప్ బాటిల్స్‌లో, అంటే ఇద్దరు రాపర్లు ఎదురెదురుగా నిలబడి మాటలతో ఒకరినొకరు తొక్కే పోటీల్లో, పేరు తెచ్చుకుని, 2001లో మొదటి వాల్యూమ్ సొంతంగా వేసుకుని, న్యూయార్క్ వీధుల్లో నిలబడి చేత్తో అమ్ముకున్నాడు. రెండోది 2003 నవంబర్‌లో వైపర్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. పెద్ద కంపెనీల దగ్గరికి ఎందుకు వెళ్లలేదో ఈ ఆల్బమ్‌లోని 'ఇండస్ట్రియల్ రెవల్యూషన్', 'ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్' పాటల్లో అతనే చెప్తాడు. వాళ్ల కింద పనిచేస్తే డబ్బూ పోతుంది, మాటా పోతుంది అని.

ఇక అసలు సంగతి. 'పెరూవియన్ కొకెయిన్' అనే పాట ఉంది, ఈ ఆల్బమ్‌లో వేరే ఏదీ వినకపోయినా అది వినండి. ఒక్కో రాపర్ ఒక్కో పాత్ర. మొదట బొలీవియా సరిహద్దులో కోకా తోటలో చాలీచాలని కూలికి చేసే మనిషి, అది టెక్నిక్ గొంతే. తర్వాత కూలీల మీద పెత్తనం చేసేవాడు, వాడి పైవాళ్లు, సరుకు అమెరికాకి చేరాక దాన్ని వీధిలో నడిపేవాడు, మారువేషంలో ఉన్న పోలీసు, చివరికి జైల్లో కూర్చున్నవాడు. ఎవడూ తనని తాను దుర్మార్గుడు అనుకోడు, ప్రతివాడికీ తనదైన లెక్క ఉంటుంది, పక్కవాడి లెక్క వాడికి కనపడదు. ఇక్కడ ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. గొంతులు మారుతుంటే సరుకు ధర ఎలా పెరుగుతుందో, శిక్ష మాత్రం ఎవరి నెత్తిన పడుతుందో మనకే అర్థమైపోతుంది. బుర్రకథలో కథకుడు క్షణంలో రాజు, క్షణంలో రైతు అయిపోతాడు కదా, నాకు ఇది విన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. జననాట్యమండలి వాళ్లు ఆ కళారూపాన్ని రాజకీయ పాటకి ఎందుకు వాడుకున్నారో ఇలాంటిది వింటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ పాట చివర జైలు ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే అమెరికా చట్టం కొంచెం తెలియాలి. 1986లో తెచ్చిన మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ (గడ్డలుగా చేసి పొగ పీల్చే కొకెయిన్) దొరికితే కనీసం ఐదేళ్ల శిక్ష, అదే పొడి కొకెయిన్ అయితే ఆ శిక్ష పడాలంటే 500 గ్రాములు ఉండాలి. క్రాక్ తయారయ్యేది ఆ కొకెయిన్ నుంచే. కానీ క్రాక్ కేసుల్లో లోపలికి వెళ్లింది ఎక్కువగా నల్లజాతి పేద కుర్రాళ్లు. ఆల్బమ్ వచ్చిన 2003లో ఈ నూటికి ఒకటి లెక్క ఇంకా అమల్లోనే ఉంది, 2010లో దాన్ని 18కి ఒకటికి తగ్గించారు, పూర్తిగా తీసెయ్యలేదు. హార్లెమ్ కుర్రాడికి ఇది పేపర్లో చదివే వార్త కాదు, పక్కింటి అన్న సంగతి.

క్యాంపస్ కిచెన్‌లో నాతో పనిచేసిన పెరూ పెద్దాయన ఒకరు ఉండేవారు. ఈ పాట వినిపిస్తే ఆయనకి నచ్చింది, కానీ ఒక మాట గట్టిగా పట్టుకున్నారు. మా ఊళ్లో కోకా ఆకు అంటే టీ పెట్టుకునేది, కొండ మీద ఊపిరి ఆడకపోతే బుగ్గన పెట్టుకుని నమిలేది, పాట విన్న అమెరికా పిల్లలు ఆ ఆకే పాపం అనుకుంటారు, అది నాకు కష్టంగా ఉంది అన్నారు. న్యాయమైన మాట. ఆండీస్‌లో ఆ ఆకు నమలడం వేల ఏళ్ల అలవాటు, దాన్నుంచి కొకెయిన్ తీయడం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. పాటలో కూలీ బతుకు వినిపిస్తుంది గానీ అతని సంస్కృతి వినపడదు. ఇంటర్నెట్‌లో ఎన్ని రివ్యూలు చదివినా నాకు ఈ కోణం కనపడలేదు.

ఇంకో మంచి కథ 'యూ నెవర్ నో'. ప్రేమ కథ, జీన్ గ్రే అనే రాపర్ కోరస్ పాడింది, ఆఖర్లో ఒక ఉత్తరం వస్తుంది, అంతకన్నా చెప్పను. రాజకీయం కోసం వచ్చినవాళ్లు దీన్ని దాటేస్తారు, అలా దాటెయ్యకండి. 'హార్లెమ్ స్ట్రీట్స్' కూడా అద్దెలు, స్కూళ్లు, పోలీసుల మధ్య రోజువారీ బతుకు, చాలా దగ్గరగా చూసి రాసింది.

'ద ఫోర్త్ బ్రాంచ్' మీద అందరూ ఊగిపోతారు. మీడియా ప్రభుత్వంలో నాలుగో శాఖ అయిపోయింది అనేది దాని వాదన, ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాదే వచ్చింది కాబట్టి అప్పట్లో వినేవాళ్ల రక్తం మరిగి ఉంటుంది. ఆ ధైర్యానికి నాకు గౌరవం ఉంది. కానీ అందులో మనుషులు తక్కువ, తీర్పులు ఎక్కువ. 9/11 మీద రాసిన 'ద కాజ్ ఆఫ్ డెత్' మరీను. 1980లలో సీఐఏ డబ్బు పాకిస్తాన్ ఐఎస్ఐ ద్వారా అఫ్ఘాన్ ముజాహిదీన్‌కి వెళ్లిందన్నది రికార్డులో ఉన్న చరిత్ర, దాని పక్కనే రుజువు లేని అనుమానాలు కూడా అదే గొంతుతో, అదే నమ్మకంతో వచ్చేస్తాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు వింటే ఏది ఏదో వేరు చేసుకోలేడు. "ఈ ఆల్బమే నా కళ్లు తెరిపించింది" అనే అభిమానులకి నేను చెప్పేది, కళ్లు తెరిచాక పుస్తకాలు కూడా తెరవండి అని. నిజానికి చదువుకోమని అతను కూడా పదే పదే అంటాడు.

మా ఆవిడ అభిప్రాయం వేరు, అది కూడా రాయాలి. ఆమె ఈ ఆల్బమ్ సగంలో ఆపేసింది. బాటిల్ ర్యాప్ నుంచి వచ్చినవాడు కాబట్టి ఎదుటివాడిని తొక్కడానికి ఆడవాళ్ల మీద, స్వలింగ సంపర్కుల మీద నీచమైన తిట్లు వాడతాడు, 'ఆబ్నాక్షస్' లాంటి పాట నిండా అవే. "పేదవాళ్ల తరఫున మాట్లాడుతున్నానంటాడు, ఆ పేదవాళ్లలో ఆడవాళ్లు లేరా?" అని అడిగింది. ఆ కాలం అలాంటిది, ఆ రంగం అలాంటిది అని అభిమానులు సర్దిచెప్తారు. నాకు అది సమాధానంలా అనిపించదు. మంచి పాటల్లో అవసరమే పడని తిట్టు మిగతా పాటల్లో ఎందుకు కావాల్సి వచ్చింది? ఈ లోపం నిజమైన లోపమే, గొప్ప ఆల్బమ్ అని చెప్పేటప్పుడు దీన్ని కూడా కలిపే చెప్పాలి.

సంగీతం సంగతి తొందరగా. బీట్లు కొన్నిచోట్ల బాగా సాదాగా ఉంటాయి, గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. ఎమినెమ్ అంటే ప్రాణం పెట్టే మా గుంటూరు రూమ్మేట్ "రైమ్ అదిరింది, కానీ మనిషి ఎప్పుడూ అరుస్తూనే ఉంటాడేంట్రా" అనేవాడు. దానికి నా దగ్గర పెద్ద వాదన లేదు. హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారే మొత్తం వింటే తల బరువెక్కుతుంది, రెండు మూడు పాటలుగా వినండి.

చాలామంది మొదటి వాల్యూమ్‌లోని 'డ్యాన్స్ విత్ ద డెవిల్'తో మొదలుపెట్టమంటారు. నేను వద్దంటాను. గ్యాంగులో చేరడానికి ఒక కుర్రాడు చేసే పని మీద కథ అది, చాలా ఘోరమైన హింస ఉంటుంది, ఆ షాక్ కోసమే షేర్ చేసేవాళ్లు ఎక్కువ. లిరిక్స్ పక్కన పెట్టుకుని 'పెరూవియన్ కొకెయిన్', తర్వాత 'హార్లెమ్ స్ట్రీట్స్', 'యూ నెవర్ నో', ఆ పైన 'ఇండస్ట్రియల్ రెవల్యూషన్' వినండి, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు స్పీకర్లో పెట్టకండి. ఆల్బమ్ మధ్యలో పాడకుండా మాట్లాడే గొంతు ఒకటి వస్తుంది, అది ముమియా అబూ జమాల్‌ది, 1981లో ఫిలడెల్ఫియాలో పోలీసు హత్య కేసులో అరెస్టయి, ఆల్బమ్ వచ్చేనాటికి ఇంకా జైల్లోనే ఉన్న జర్నలిస్టు. ఇవి నచ్చితే 2008లో వచ్చిన 'ద థర్డ్ వరల్డ్'కి వెళ్లండి. 2011లో వచ్చిన 'ద మార్టిర్'ని అతను ఉచితంగానే ఇచ్చాడు.